పాత టో క్లిప్ పెడల్స్‌ని మామూలు బూట్లతో తొక్కొచ్చా? ఉంచాలా, పీకెయ్యాలా?

కొత్త_సవారీ:
పాత రోడ్డు సైకిల్ ఒకటి చేతికొచ్చింది. ఫ్రేమ్, చక్రాలు బాగానే ఉన్నాయి గానీ పెడల్సే పాతకాలంవి. ఇనప కేజ్, వేళ్ల ముందు వంకర తిరిగిన స్టీల్ క్లిప్, దాంట్లోంచి తోలు స్ట్రాప్, పక్కన చిన్న బకిల్. నాకు రేసుల గోల లేదు, పనికి వెళ్లి రావడం, సాయంత్రం కాసేపు తిరగడం, అంతే. కాళ్లకి ఎక్కువగా స్నీకర్లు, ఒక్కోసారి ఆఫీసు బూట్లు. వీటిని ఇలాగే వాడుకోవచ్చా, తీసేసి క్లిప్పూ స్ట్రాపూ లేని ఫ్లాట్ పెడల్స్ వేయించుకోవాలా? చూసినవాళ్లంతా "పడతావ్ జాగ్రత్త" అంటున్నారు, ఎందుకు పడతానో మాత్రం ఒక్కరూ చెప్పట్లేదు.

ఫ్లాట్_బ్యాచ్:
తీసెయ్యండి. ఇందులో ఆలోచించడానికేం లేదు. స్ట్రాప్ బిగిస్తే కాలు ఇరుక్కుంటుంది, వదులుగా పెడితే దానివల్ల ఒరిగేదేం లేదు. 1984లో లుక్ కంపెనీ క్లిప్‌లెస్ పెడల్, అంటే స్ట్రాప్ లేకుండా బూటు అడుగున ఉన్న ముక్క పెడల్‌లోకి లాక్ అయ్యే రకం, తెచ్చింది, మరుసటి ఏడాది బెర్నార్ ఇనో అవే పెడల్స్‌తో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు, ఆ తర్వాత కొన్నేళ్లకే రేసర్లు కూడా స్ట్రాప్‌లకి దణ్ణం పెట్టేశారు. వాళ్లే వదిలేసినదాన్ని మీరు ఆఫీసు బూట్లతో ఎందుకు మోయడం?

పాతఇనుము:
ఫ్లాట్_బ్యాచ్ గారూ, రేసర్లు ఎందుకు వదిలేశారో చూస్తే మీ వాదన మీకే అడ్డం తిరుగుతుంది. వాళ్లు వేసుకున్నవి మామూలు బూట్లు కావు. బూటు అడుగున క్లీట్, అంటే గాడి ఉన్న ముక్క, కొట్టించుకునేవాళ్లు, ఆ గాడి పెడల్ వెనక పలకమీద కూర్చునేది, పైనుంచి స్ట్రాప్ లాగి బిగించేవాళ్లు. ఇక కాలు వెనక్కి రాదు, వంగి చేత్తో బకిల్ వదులు చేస్తేనే వస్తుంది. ఆగేముందు అది మర్చిపోయినవాడు సైకిల్‌తో సహా పక్కకి ఒరిగేవాడు. "పడతావ్" అనే పేరు వచ్చింది ఆ క్లీట్‌కీ బిగించిన స్ట్రాప్‌కీ కలిపి. కొత్త_సవారీ గారికి ఆ రెండూ లేవు. సోల్ నున్నగా ఉండి స్ట్రాప్ వదులుగా ఉంటే కాలు వెనక్కి లాగితే వచ్చేస్తుంది, అంతే.

ఇక వదులుగా ఉంటే ఉపయోగం లేదన్నారు. క్లిప్ కాలిని కట్టెయ్యడానికే అనుకుంటే నిజమే. కానీ రోజూ తిరిగేవాడికి అది చేసే పని వేరు. పాదం ముందుకి జారకుండా ఆపుతుంది, వేళ్ల మొదళ్లు ప్రతిసారీ ఒకే చోటికి వచ్చేలా చూస్తుంది. వానలో తడిసిన ఇనప కేజ్ మీద స్నీకర్ ఎలా జారుతుందో ఒక్కసారి చూస్తే చాలు, వదులు క్లిప్ కూడా ఎంత పనికొస్తుందో తెలుస్తుంది.

వానచినుకు:
పాతఇనుము గారు చెప్పింది కాగితం మీద బాగుంది. కాలు వెనక్కి లాగాలి అన్నది కూడా నిజమే, కానీ కంగారులో ఎవరైనా కాలు పక్కకే తీస్తారండీ, వెనక్కి కాదు. ముందు ఏదో అడ్డమొచ్చింది, బ్రేక్ పట్టారు, కాలు నేలమీద పెట్టాలి, ఆ క్షణంలో శరీరం తనంతట తాను చేసే పని కాలిని బయటికి తోయడం. స్ట్రాప్ సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఇంకోటి ఎవరూ చెప్పట్లేదు. క్లిప్ బరువుకి పెడల్ ఎప్పుడూ తలకిందులుగా వేలాడుతుంది. ఆగిన ప్రతిసారీ దాన్ని తిప్పుకుని కాలు దూర్చాలి. పచ్చలైటు పడింది, వెనక వాళ్లు హారన్లు కొడుతున్నారు, మీరు కిందకి చూస్తూ కాలితో వెతుక్కుంటున్నారు. అది టెన్షన్ కాదా? పోనీ తిప్పకుండా అటువైపే తొక్కుదామంటే క్లిప్ నేలకి రాసుకుంటూ గరగరమంటుంది, మలుపులో సైకిల్ వంచితే మరీను. నాకైతే ఒకసారి లేసు ముడి బకిల్‌కి తగులుకుంది, కాలు దిగలేదు, స్తంభాన్ని పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అప్పట్నుంచి నా ఓటు ఫ్లాట్‌కే.

రెంచి_రాజు:
నేను పెడల్స్ విప్పి బిగించేవాణ్ణి కాబట్టి సిద్ధాంతాలు వదిలేసి బూటు సంగతి చెబుతా. ఇక్కడ అందరూ స్ట్రాప్ గురించే కొట్టుకుంటున్నారు, అసలు గొడవ సోల్‌ది.

సోల్ కింద లోతైన గాళ్లూ గుబ్బలూ ఉన్న బూట్లు, అంటే కొండలెక్కే రకం, పరుగు బూట్లలో కొన్ని, వీటితో టో క్లిప్ వాడొద్దు. కేజ్ వెనక పలక ఆ గాడిలో కూర్చుంటుంది, అప్పుడు పాతఇనుము గారు చెప్పిన క్లీట్ మీకు తెలియకుండానే తయారైనట్టే. స్ట్రాప్ ఎంత వదులుగా ఉన్నా కాలు వెనక్కి రాదు, ముందు మడమ ఎత్తి, తర్వాత లాగాలి. సైకిల్ ఎక్కకముందే చూసుకోవచ్చు. బూటు చేత్తో పట్టుకుని పెడల్‌లోకి తోసి, వెనక్కి లాగండి. ఎక్కడైనా పట్టేస్తే ఆ బూటు దీనికి పనికిరాదు.

రెండోది మెత్తటి సోల్. వంగిపోయే స్నీకర్ అయితే ఇనప పలకల అంచులు అరికాలికి తెలుస్తాయి. పది నిమిషాల దారికి ఏమీ అనిపించదు, గంట తొక్కితే అదే చోట మంట మొదలవుతుంది. అడుగు కాస్త గట్టిగా, సమంగా ఉన్న బూటు నయం. ఆ లెక్కన ఆఫీసు బూటే మంచిది, జారి బయటికి కూడా సులువుగా వస్తుంది. కాకపోతే క్లిప్ పైన రాసుకుని ముక్కు దగ్గర పాలిష్ పోతుంది, క్లిప్‌కి పాత తోలు ముక్క చుట్టి కుట్టేస్తే ఆ బాధ తీరుతుంది.

మూడోది సైజు. క్లిప్‌లు చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని వస్తాయి. పాత సైకిల్ మీద ఉన్నది పాత యజమాని కాలికి, అదీ పల్చటి రేసు బూటుకి తగ్గట్టు పెట్టినది అయ్యుంటుంది. మీ లావు స్నీకర్ ముక్కు ముందే తగిలేస్తే వేళ్లు నలుగుతాయి, పాదం వెనక్కి నెట్టినట్టు అవుతుంది. వేళ్ల మొదళ్లు ఇరుసు మీదికి వచ్చాక కూడా బూటు ముక్కుకీ క్లిప్‌కీ మధ్య కొంచెం సందు మిగలాలి.

లేసులంటారా, ముడి లోపలికి దోపుకోండి. వానచినుకు గారికి జరిగింది చాలామందికి జరిగేదే.

కొండదారి:
మీరందరూ అసలు పాయింట్ వదిలేశారు. టో క్లిప్ ఉంటే కాలు పైకి లాగేటప్పుడు కూడా బలం పడుతుంది, కిందికి తొక్కేటప్పుడే కాదు. శ్రమ సగానికి సగం తగ్గుతుంది.

ఫ్లాట్_బ్యాచ్:
సగమా? ఎక్కడ విన్నారు సర్? స్థిరంగా తొక్కేటప్పుడు అనుభవం ఉన్న రేసర్లు కూడా పైకి పెద్దగా లాగరు, పైకొచ్చే కాలు తన బరువుని తాను మోసుకుంటే గొప్ప. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో సైక్లిస్టుల చేత కావాలని పైకి లాగిస్తూ తొక్కించి చూశారు, ఖర్చైన శక్తితో పోలిస్తే దక్కిన పని తగ్గింది, పెరగలేదు. పైగా వదులు స్ట్రాప్‌లోంచి పైకి లాగితే పాదం కాదు, బూటే ఊడొస్తుంది.

పాతఇనుము:
ఈ ఒక్క విషయంలో నేను ఫ్లాట్_బ్యాచ్ గారి పక్షం. ఒక్కసారిగా వేగం తీసేటప్పుడు, నిలువు ఎక్కుడులో నిలబడి తొక్కేటప్పుడు పైకి లాగడం కొంత పనికొస్తుంది, దానికి స్ట్రాప్ బిగించి ఉండాలి. జపాన్ కేరిన్ రేసుల్లో ఇప్పటికీ టో క్లిప్పూ స్ట్రాపే వాడతారు, కానీ వాళ్లు తిరిగేది ట్రాక్ మీద, దారిలో సిగ్నళ్లు ఉండవు. ఫిక్స్‌డ్ గేర్ వాళ్ల లెక్క కూడా వేరే. అక్కడ చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, పాదం జారితే ఆ పెడలే వచ్చి పిక్కని కొడుతుంది, కాబట్టి ఏదో ఒకటి పట్టి ఉంచాల్సిందే. మన కొత్త_సవారీ గారిది మామూలు ఫ్రీవీలే కదా, తొక్కడం ఆపితే పెడల్ ఆగిపోతుంది.

వానచినుకు గారి తిప్పుడు గోలకి ఒక మాట. పెడల్ వెనకంచున చిన్న నాలుకలాంటిది ఉంటుంది చూడండి, అది అందుకే. బూటు ముక్కుతో దాన్ని వెనక్కి తట్టగానే పెడల్ తిరుగుతుంది, క్లిప్ పైకొస్తుంది, పాదం ముందుకి తోసెయ్యడమే. కిందకి చూడకూడదు. ఖాళీ స్థలంలో కొన్ని సాయంత్రాలు చేస్తే వచ్చేస్తుంది. ఆగినప్పుడు కూడా రెండు కాళ్లూ తియ్యక్కర్లేదు, ఒకటి లోపలే ఉంచి రెండోది దించితే చాలు. బయల్దేరేటప్పుడు దొరక్కపోతే తలకిందుల వైపే రెండు తొక్కులు తొక్కి, కూడలి దాటాక తిప్పుకోండి, కాస్త గరగరమన్నా ఏం కాదు.

వానచినుకు:
కొన్ని సాయంత్రాలు పెడల్ తిప్పడం నేర్చుకోవడమా! ఫ్లాట్ పెడల్‌కి రెండు వైపులా ఒకటే, నేర్చుకోవడానికేమీ లేదు. మీకు అది సరదా, ఒప్పుకుంటా. ఆయన అడిగింది పనికి వెళ్లిరావడం గురించి.

రెంచి_రాజు:
వానచినుకు గారి మాటలో న్యాయం ఉంది. కానీ ఫ్లాట్ అనగానే మంచివీ చెడ్డవీ అన్నీ ఒకటి కాదు. నున్నటి ప్లాస్టిక్ ఫ్లాట్ వానలో ఈ కేజ్ కంటే ఎక్కువ జారుతుంది. పిన్నులున్నది గట్టిగా పట్టుకుంటుంది, కానీ ఆఫీసు బూటు సోల్‌ని కొరికేస్తుంది, జారితే మోకాలి కింద ఎముక మీద గీతలు పడతాయి.

కొత్త_సవారీ:
అందరికీ థ్యాంక్స్. రెంచి_రాజు గారు చెప్పినట్టు బూట్లు చేత్తో పెట్టి చూశా. ఆఫీసు బూట్లు హాయిగా వస్తున్నాయి, ఒక జత స్నీకర్లు గాడిలో పట్టేస్తున్నాయి, వాటిని పక్కన పెడతా. స్ట్రాప్ మాత్రం పెడల్‌లో అటూ ఇటూ జరిగిపోతోంది, బకిల్ ఒక్కోసారి కిందికి వెళ్లిపోతోంది. స్ట్రాప్ తీసేసి క్లిప్ ఒక్కటే ఉంచితే?

రెంచి_రాజు:
జరుగుతోందంటే మెలి లేకుండా దూర్చారన్నమాట. పెడల్ రెండు పలకల మధ్య నుంచి పోనిచ్చేటప్పుడు స్ట్రాప్‌ని ఒక మెలి తిప్పండి, ఇక కదలదు. బకిల్ బయటివైపు, పలకకి కాస్త పైన ఉండాలి, బొటనవేలితో తోస్తే వదులయ్యేలా. తోలు ఎండి పగుళ్లు ఉంటే మార్చెయ్యండి.

స్ట్రాప్ లేకుండా పెద్ద క్లిప్ ఉంచొచ్చు గానీ ఊగుతుంది, పక్కలకి ఆపదు. వేళ్ల ముందు ఆనిక ఒక్కటే చాలనుకుంటే స్ట్రాప్ అక్కర్లేని హాఫ్ క్లిప్‌లు దొరుకుతాయి, కాలు ఎటు లాగినా వచ్చేస్తుంది. వానచినుకు గారి భయానికి నాకు తెలిసి అదే మందు. ఇంకో సంగతి, పెడల్ పెట్టాక హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడండి, కొన్ని ఫ్రేముల్లో క్లిప్ ముక్కు ముందు మడ్‌గార్డ్‌కి తగులుతుంది. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడే ఆ ఇబ్బంది.

ఫ్లాట్_బ్యాచ్:
హాఫ్ క్లిప్ అయితే నాకూ పెద్ద అభ్యంతరం లేదు. స్ట్రాప్ మీద మాత్రం నా మాట మారదు. కొత్త_సవారీ గారూ, ఎప్పటికైనా పెడల్స్ విప్పితే ఎడమదానికి మర ఉల్టా ఉంటుంది, మామూలుగా విప్పే వైపు బలంగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది.

కొత్త_సవారీ:
ప్రస్తుతానికి స్ట్రాప్ మెలి తిప్పి, వదులుగా ఉంచి, ఆఫీసు బూట్లతో మొదలుపెడుతున్నా. హాఫ్ క్లిప్‌లు కూడా వెతుకుతా. రాజు గారూ, క్లిప్‌కి తోలు చుట్టేటప్పుడు కుట్టు ఏ వైపు రావాలి, పైకా లోపలికా?

రెంచి_రాజు:
పైకి. లోపల కుట్టు ఉంటే బూటుకి అదే రాసుకుంటుంది.