పన్ను తక్కువే కదా, మరి అమెరికా వలసలు ఎందుకు తిరగబడ్డయి?

హన్మకొండ చదువరి:
సివిల్స్ మెయిన్స్‌కు ప్రపంచ చరిత్ర చదువుతున్నం. ఒక దగ్గర చిక్కుముడి పడ్డది. బ్రిటన్‌ల ఉన్నోళ్లతోని పోలిస్తే 13 వలసల వాళ్లు కట్టిన పన్ను చాన తక్కువ. 1773 టీ చట్టంతోని టీ ధర కూడా తగ్గింది. ధర తగ్గితే పెట్టెలు సముద్రంల ఎందుకు పారబోసిండ్రు? "పన్నుల భారం వల్ల తిరుగుబాటు" అని రాస్తే తప్పయితదా? కోపం విప్లవంగా మారింది ఎక్కడ అని చూపించాలె?

జనగామ చరిత్ర:
తప్పే తమ్ముడూ. లొల్లి పన్ను ఎంత అని కాదు. ఎవరు వెయ్యాలె, వచ్చిన పైసలు ఎవరి చేతుల ఉండాలె అన్నదే లొల్లి.

1763 నుంచి పట్టుకో. ఫ్రాన్స్‌తోని నడిచిన ఏడేండ్ల యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్లు దాటింది. అమెరికాల దాదాపు 10 వేల మంది సైన్యాన్ని ఉంచాలనుకున్నరు, ఆ ఖర్చుల కొంత వలసల నుంచే రాబట్టాలని చూసిండ్రు. 1764 చక్కెర చట్టంల మొలాసిస్ (చెరకు మడ్డి) సుంకాన్ని గ్యాలన్‌కు 6 పెన్నీల నుంచి 3కు దించిండ్రు. అయినా కోపం పెరిగింది. ఎందుకంటే పాత 6 పెన్నీలు సరిగ్గ కట్టినోళ్లే తక్కువ, దొంగసరుకు, లంచాలతోని నడిచేది. కొత్త 3 పెన్నీలు ముక్కుపిండి వసూలు చేసుడు మొదలైంది. దొరికితే కేసు జ్యూరీ లేని వైస్ అడ్మిరల్టీ (ఓడల వ్యాపార కేసులు చూసే) కోర్టుకు పోవచ్చు.

1765 స్టాంపు చట్టం పన్ను పత్రికలు, దస్తావేజులు, లైసెన్సులు, ఆఖరికి పేకముక్కల మీద కూడా పడ్డది. దెబ్బ తగిలింది లాయర్లకు, ప్రింటర్లకు, వ్యాపారులకు. అంటే నోరున్నోళ్లకు, అచ్చుయంత్రం ఉన్నోళ్లకు. నవంబర్ 1న అమలు కావాల్సి ఉంటే, ఆలోపే చాలా చోట్ల స్టాంపు ఏజెంట్లతోని రాజీనామా చేయించిండ్రు. 1766 మార్చి 18న చట్టం రద్దయింది. అదే రోజు డిక్లరేటరీ చట్టం వచ్చింది: వలసల మీద ఏ విషయంలనైనా చట్టం చేసే అధికారం పార్లమెంటుదే అని. జవాబుల చాలామంది దీన్ని వదిలేస్తరు, వదలొద్దు.

1767 టౌన్‌షెండ్ సుంకాల్లో (దిగుమతి సరుకుల మీద వేసినవి) అసలు ముల్లు జీతాలు. ఆ ఆదాయంతోని గవర్నర్లకు, జడ్జీలకు జీతమిస్తమన్నరు. అప్పటిదాక చాలా వలసల్ల అది స్థానిక అసెంబ్లీ ఇచ్చేది. గవర్నర్ మాట వినేటట్టు చేసే పగ్గం అదొక్కటే.

కరీంనగర్ లెక్చరర్:
టీ సంగతి నేను చెప్తా. 1770లో మిగతా టౌన్‌షెండ్ సుంకాలు ఎత్తేసి, టీ మీద పౌండు బరువుకు 3 పెన్నీలు మాత్రం ఉంచారు, పన్ను వేసే హక్కు వదులుకోలేదని చూపడానికి. 1772 నాటికి ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో మునిగింది, లండన్ గోదాముల్లో టీ గుట్టలు పడింది. 1766లో నిజాం అలీఖాన్‌తో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులు తీసుకున్న కంపెనీయే ఇది! 1773 చట్టం ఇంగ్లండులో కట్టే సుంకాన్ని వాపసు ఇచ్చి, ఎంపిక చేసిన ఏజెంట్ల ద్వారా కంపెనీయే నేరుగా అమ్ముకోనిచ్చింది. ధర దిగింది, కానీ స్థానిక వ్యాపారి పక్కకు పోయాడు. పైగా చవక అని కొన్నవాడు ఆ 3 పెన్నీల హక్కును ఒప్పుకున్నట్టే.

1773 డిసెంబర్ 16 రాత్రే బోస్టన్ రేవులో టీ ఎందుకు పారబోశారు? ఓడ వచ్చాక 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ సరుకు జప్తు చేస్తుంది. మొదటి ఓడ గడువు మర్నాటితో తీరుతుంది. మసాచుసెట్స్ గవర్నర్ హచిన్సన్ ఓడలను తిరిగి పోనివ్వలేదు. అందుకే ఆ రాత్రి 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి.

హన్మకొండ చదువరి:
సమజైంది సార్. మరి మలుపు ఇదేనా? మన తెలంగాణ సాయుధ పోరాటం నాటి సంఘాలతోని పోల్చొచ్చా?

జనగామ చరిత్ర:
మలుపు 1774. టీ పారబోసినందుకు బోస్టన్ రేవు మూసిండ్రు, మసాచుసెట్స్ పాలకమండలి నియామకం రాజు చేతికి పోయింది, గవర్నర్ అనుమతి లేకుంటే ఊరి సభ ఏడాదికి ఒక్కటే. ఒక్క ఊరికి పడ్డ శిక్ష అన్ని వలసలను భయపెట్టింది. సెప్టెంబర్‌ల 12 వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాల కూసున్నరు. అక్టోబర్ 20 ఒప్పందం ప్రకారం డిసెంబర్ 1 నుంచి బ్రిటిష్ దిగుమతులు బంద్. ప్రతి కౌంటీల, పట్నంల ఎన్నికైన కమిటీ ఉండాలె, నియమం తప్పినోళ్ల పేర్లు పత్రికల వెయ్యాలె. నీ జవాబుకు ఈ కమిటీలే వెన్నెముక. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌ల బ్రిటిష్ సైన్యంతోని మొదటి తుపాకి పేలకముందే చాలా ఊర్లల్ల పాలన వీళ్ల చేతికి వచ్చింది. అప్పటికి కూడా స్వాతంత్ర్యం అడగలే. జులైల రాజుకు విన్నపం పంపిండ్రు, ఆగస్టు 23న రాజు తిరుగుబాటుదారులని ప్రకటించిండు. రాజు మీద ఆశ తెగినంక గానీ 1776 జులై 4 స్వాతంత్ర్య ప్రకటన రాలేదు.

పోలిక అంటవా, ఊరి పాలనను సంఘం చేతులకు తీసుకునుడు వరకు సరిపోతది. కడవెండిల దొడ్డి కొమురయ్య నేలకొరిగింది 1946 జులై 4న, తారీఖు కలిసిందని దాన్ని వాదన చెయ్యకు. మన దగ్గర పోరాటం వెట్టి మీద, భూమి కోసం, దొరల మీద. అక్కడ నాయకులే భూస్వాములు, పెద్ద వ్యాపారులు. జనాభాల దాదాపు ఐదో వంతు నల్లజాతి వాళ్లు, వాళ్లల్ల అత్యధికులు బానిసలు. ప్రకటన వచ్చినంక కూడా వాళ్ల సంకెళ్లు తెగలే. పోలిక రాస్తే ఈ తేడా అదే పేరాల రాయి.