రోజువారీ ఖర్చులకు డెబిట్ కార్డు ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: అప్పు చేయకూడదన్న ఉద్దేశంతో ఖర్చులన్నింటికీ డెబిట్ కార్డునే వాడుతున్నాను. ఇందులో నేను గమనించని ఇబ్బందులేమైనా ఉన్నాయా?

మొదటి జవాబు: అప్పు విషయంలో మీ ఆలోచన సరైనదే. అయితే కార్డు వివరాలు మోసగాళ్ల చేతికి చిక్కితే పోయేది నేరుగా మీ ఖాతాలోని సొమ్మే. క్రెడిట్ కార్డయితే వివాదం నడిచే కాలంలో ఆ మొత్తం సాధారణంగా బిల్లులో ఒక పద్దుగానే ఉంటుంది. డెబిట్ కార్డు విషయంలో మాత్రం బ్యాంకు విచారించి తిరిగి జమ చేసేవరకు, అద్దెకూ వాయిదాలకూ దాచుకున్న డబ్బు మీకు అందకపోవచ్చు. ఆలోగా చెల్లింపులు తప్పితే జరిమానాలు అదనం.

రెండవ జవాబు: హోటళ్లు, అద్దె కార్ల సంస్థలు హామీగా కొంత మొత్తాన్ని నిలిపి ఉంచుతాయి. ఒకసారి నేను గది ఖాళీ చేసిన ఐదు రోజులకు గానీ ఆ సొమ్ము విడుదల కాలేదు. ఖాతాలో కనిపిస్తుంది, వాడుకోవడానికి ఉండదు!

ప్రశ్నించినవారు: ఖర్చులకు వేరే చిన్న ఖాతా తెరిస్తే ప్రయోజనం ఉంటుందా?

మొదటి జవాబిచ్చినవారు: తప్పకుండా ఉంటుంది, నష్టం జరిగినా ఆ ఖాతాకే పరిమితమవుతుంది. దానికి ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకోనిచ్చే సౌకర్యం) ఉంటే మాత్రం తీసివేయించండి, లేకపోతే మీరు వద్దనుకున్న అప్పు ఆ దారిలోనే వస్తుంది.