ఐసీయూలో బీపీ పడిపోతుందని ముందే పట్టే మోడల్: ఇంత బాగా రావడమే అనుమానంగా ఉంది

ప్రశ్న (ఎంటెక్ విద్యార్థి):
మిమిక్ డేటాతో ప్రాజెక్టు చేస్తున్నా. బోస్టన్‌లోని ఆసుపత్రి ఐసీయూ రికార్డులవి. వచ్చే గంటలో బీపీ పడుతుందో లేదో చెప్పాలి. 2009లో ఫిజియోనెట్ (వైద్య డేటాని అందరికీ అందించే సైట్) పెట్టిన పోటీలో ఇచ్చిన నిర్వచనమే వాడా: కనీసం అరగంట పాటు, కనీసం 90 శాతం రీడింగుల్లో మీన్ బీపీ (సగటు బీపీ) 60 లేదా అంతకన్నా తక్కువ. బీపీ పడినవాళ్లు ఒక గుంపు, 75 పైన నిలకడగా ఉన్నవాళ్లు ఇంకో గుంపు. మధ్యలో ఊగేవాళ్లని తీసేశా. మోడల్ దాదాపు తప్పే చెయ్యట్లేదు. గైడ్ గారు ఖుషీ, నాకే ఎక్కడో తేడా కొడుతోంది.

జవాబు 1:
మోడల్ పక్కన పెట్టి, ఇప్పటి మీన్ బీపీ ఒక్కటే ఇచ్చి చూడండి. స్కోరు అంతే వస్తే విషయం తేలిపోయినట్టే: మోడల్ ముందుగా పట్టేదేమీ లేదు, ఇప్పటి బీపీనే చదివి చెబుతోంది.

జవాబు 2 (ఐసీయూ డాక్టర్):
తమ్ముడూ, నువ్వు తీసేసినవాళ్లే మాకు అసలు తలనొప్పి. 90 ఉన్నాయన గురించి ఎవరూ అడగరు. 58 ఉన్నాయనకి ఈపాటికే బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్ ఎక్కుతూ ఉంటుంది. మానిటర్ మీద బుద్ధిగా 68 కనిపిస్తూ, ఆ మందు పంపు రేటు మాత్రం 4, 6, 9 అని పెరుగుతోందే, ఆ మంచం దగ్గరే మా కాపలా.

2018లో వచ్చిన హైపోటెన్షన్ ప్రిడిక్షన్ ఇండెక్స్ (బీపీ పడబోతోందని ముందే చెప్పే సూచిక) మీదా ఇదే గొడవ. 65-75 మధ్య రీడింగులు శిక్షణలో లేవు కాబట్టి దాని పనితీరు ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తోందని 2022లో డెన్మార్క్ పరిశోధకులు రాశారు.

జవాబు 3 (స్టాఫ్ నర్సు):
లైన్ (బీపీ కొలవడానికి ధమనిలో పెట్టే గొట్టం) సంగతి కూడా చూడండి సార్. ఏబీజీకి (రక్తంలో వాయువుల పరీక్షకి) రక్తం తీస్తూ త్రీవే (లైన్‌కి ఉండే మూడు దారుల కుళాయి) తిప్పితే మానిటర్ మీద బీపీ వేవ్ చదునైపోతుంది, ఆ నిమిషం రీడింగు చెత్త. మంచం పది సెంటీమీటర్లు దించి ట్రాన్స్‌డ్యూసర్‌ని (లైన్‌లో ఒత్తిడి కొలిచే సెన్సర్‌ని) స్టాండుకే వదిలేస్తే, మీన్ ఏడు పాయింట్ల దాకా తక్కువ చూపిస్తుంది. అలారం మోగితే మేం ముందు వేవ్ చూస్తాం, చెయ్యి పట్టుకుని చల్లబడిందేమో చూస్తాం, తర్వాత కఫ్ కడతాం.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పటి మీన్ ఒక్కటే పెట్టినా స్కోరు అంతే వచ్చింది మేడమ్, సార్! మధ్యవాళ్లని కలిపేస్తా. మరి మందు పెంచడం వల్ల పడకుండా ఆగినవాళ్లని ఏ గుంపులో వెయ్యాలి?

జవాబు 2:
పడినవాళ్లలోనే వెయ్యి. డోసు పెంచిన టైములు మిమిక్‌లోనే ఉంటాయి. మేం అడ్డం పడ్డాం కాబట్టి ఆగింది, లేకపోతే పడేదే.