"ఆసక్తి విషయము సంఘమును హింసించువాడను": ఈ ఆసక్తి ఏ ఆసక్తి?

గుంటూరు సభ్యురాలు:
మన భాషా గ్రూపులో అందరికీ వందనాలు. మా సండేస్కూల్ పిల్లలకి బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక చెబుతున్నాను, అంటే ఫిలిప్పీలోని క్రైస్తవ సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం. మూడో అధ్యాయం ఆరో వచనంలో పౌలు తన పాత జీవితం గురించి "ఆసక్తి విషయము సంఘమును హింసించువాడను" అంటాడు. అక్కడ ఎనిమిదో తరగతి పిల్లాడొకడు ఆపేశాడు. "ఆసక్తి ఉంటే క్రికెట్ చూస్తాం గానీ ఎవర్నైనా కొడతామా టీచర్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి తప్పించుకున్నాను గానీ అప్పట్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ అనువాదం తప్పా? "మతోన్మాదం" అని ఉండాల్సిందా?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
తప్పు కాదమ్మా. మాట అరిగిపోయింది, అంతే. ఆసక్తిలో ఉన్నది 'సంజ్' ధాతువు. అంటుకోవడం, అతుక్కోవడం దాని అర్థం. సంగం, సక్తం కూడా దాని పిల్లలే. గీత పదమూడో అధ్యాయంలో "అసక్తి రనభిష్వంగః పుత్రదారగృహాదిషు" అని వస్తుంది. అక్కడ హ్రస్వం. అసక్తి అంటే పెళ్ళాం, పిల్లలు, ఇల్లు వీటికి అంటుకోకుండా ఉండటం. దీర్ఘం పెడితే అంటుకుపోవడం. మనం పేపర్లలో "ఆసక్తికర పోరు", "ఆసక్తిగల అభ్యర్థులు" అని రాసి రాసి ఆ జిగురంతా కడిగేశాం. ఆ వచనం అనువదించినవాళ్ళ చెవికి జిగురు ఇంకా తగులుతూ ఉండి ఉంటుంది.

మూలంలో ఉన్న గ్రీకు మాట 'జీలోస్'. ఇంగ్లీషులో జెలస్, జీలస్ రెండూ దాన్నుంచి వచ్చినవే. ఒకటి అసూయ, ఇంకొకటి భక్తిలో పట్టుదల. మనకి రెండు వేరు వేరుగా కనిపిస్తాయి గానీ పుట్టిల్లు ఒక్కటే. దాని వెనక ఉన్న హీబ్రూ మాట 'కినా'. అందులోనూ అంతే, రెండూ ఒక్క మాటలోనే.

మతోన్మాదం అని పెట్టి ఉంటే వాక్యం చచ్చిపోయేది. ఎందుకంటే ఉన్మాదం అన్నది బయటివాడు వేసే ముద్ర. తనని తాను మతోన్మాది అని చెప్పుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. పౌలు అక్కడ తన గొప్పల జాబితా చదువుతున్నాడు: ఫలానా గోత్రం, ధర్మశాస్త్రం తు.చ. తప్పని పరిసయ్యుణ్ణి, ఆసక్తిలో ఇంతటివాణ్ణి. యేసుని నమ్మినందుకు స్తెఫను అనే ఆయన్ని రాళ్ళతో కొట్టి చంపుతున్నప్పుడు కొట్టేవాళ్ళ బట్టలకి కాపలా ఉన్నది ఈయనే. అప్పట్లో అది ఆయన లెక్కలో మెరిట్!

పత్రికలో పనిచేసే సభ్యుడు:
మా డెస్క్ తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఛాందసం, మతతత్వం, మతోన్మాదం, ఉగ్రవాదం... హెడ్డింగులో ఎన్ని అక్షరాలు పడితే ఆ మాట వాడేస్తాం. అమరకోశంలో "శ్రోత్రియచ్ఛాందసౌ సమౌ" అని ఉంటుంది. ఛాందసుడంటే వేదం చదువుకున్నవాడు, అంతే. పాపం, ఆయన్ని బాంబులు పెట్టేవాళ్ళ పక్కన కూర్చోబెట్టాం. ఇంగ్లీషు ఫండమెంటలిస్ట్ కథ కూడా ఇలాంటిదే. 1920లో అమెరికాలో ఒక బాప్టిస్టు పత్రిక సంపాదకుడు తనలాంటివాళ్ళకి గర్వంగా పెట్టుకున్న పేరది. ఇప్పుడు తిట్టు.

వేదాంత కళాశాలలో చదువుతున్న సభ్యుడు:
మాస్టారూ, మీరు కినా అన్నారు కాబట్టి. నిర్గమకాండంలో "రోషముగల దేవుడను" అన్నచోట ఉన్నది ఆ మాటే. సంఖ్యాకాండం అయిదో అధ్యాయంలో భార్య మీద అనుమానపడే మొగుడికి పుట్టేదీ అదే, తెలుగులో అక్కడా రోషమే. నాకైతే ఆసక్తి కన్నా రోషం బాగా అతుకుతుంది. "ఉప్పూ కారం తినట్లేదా, రోషం లేదా?" అంటాం చూడండి. మనవాణ్ణి ఎవరో ఏదో అన్నారు, మనం ఊరుకుంటే సిగ్గుచేటు, అన్న ఊపు. దేవుడి తరఫున అలా ఉప్పూకారం తిన్నవాడే ఈ మాటకి అసలు హీరో.

వాడి పేరు ఫీనెహాసు, సంఖ్యాకాండం 25. ఇశ్రాయేలీయుడు జిమ్రీ, మిద్యాను స్త్రీ కొజ్బీ గుడారంలో ఉండగా ఈటె పట్టుకుని లోపలికి వెళ్ళి ఇద్దర్నీ పొడిచేశాడు. విచారణ లేదు, తీర్పు లేదు. తెలుగు బైబిల్లో అక్కడ రోషం బదులు "ఓర్వలేకపోవుట" అని పెట్టారు. దేవుడు ఓర్వలేనిదాన్ని తానూ ఓర్వలేకపోయాడట. దానికి బహుమానంగా దేవుడు అతనితో సమాధాన నిబంధన చేశాడు. (సమాధానం అంటే ఇక్కడ ఆన్సర్ కాదు, శాంతి. చర్చిలో పెరిగినవాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నా.)

భాషా గ్రూపు కాబట్టి ఇది చెప్పి తీరాలి. యూదుల చేతిరాత తోరా (ధర్మశాస్త్రం) చుట్టల్లో ఆ సమాధానానికి హీబ్రూ మాటైన షాలోమ్‌లో 'వావ్' అనే అక్షరాన్ని మధ్యకి విరగ్గొట్టి రాస్తారు. ఈటెతో తెచ్చిన శాంతి విరిగిన శాంతే అని కొందరు రబ్బీలు చెప్పుకున్నారు. రబ్బీల చర్చల సంకలనం తల్మూదు ఇంకో అడుగు ముందుకెళ్తుంది. ఫీనెహాసు ముందుగా వచ్చి 'చంపనా?' అని అడిగి ఉంటే చంపమని చెప్పేవాళ్ళం కాదంటుంది. జిమ్రీ తిరగబడి అతన్నే చంపి ఉంటే జిమ్రీకి శిక్ష ఉండేది కాదు, ఎందుకంటే ఫీనెహాసు అక్కడ 'రోదెఫ్', అంటే ఒకడి ప్రాణం తీయడానికి తరుముతున్నవాడు, అని కూడా అంటుంది.

రోదెఫ్ అన్న ఆ మాటనే 1995 నవంబర్ 4న టెల్ అవీవ్‌లో ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్‌ని కాల్చిన న్యాయశాస్త్ర విద్యార్థి వాడుకున్నాడు. పాలస్తీనియన్లకి భూమి అప్పగిస్తున్నాడు కాబట్టి రాబినే రోదెఫ్ అన్నాడు. ప్రాణం తీయడానికి కాపు కాసి వెనక నుంచి కాల్చింది మాత్రం తను.

క్రైస్తవుల సంగతి దాచి యూదుల గురించి చెబితే బాగుండదు. 1996లో అమెరికాలో స్పోకేన్ అనే ఊళ్ళో కొందరు బ్యాంకులు దోచి, పత్రికాఫీసు మీద, కుటుంబ నియంత్రణ క్లినిక్ మీద బాంబులు వేశారు. వాళ్ళు వదిలిన ఉత్తరాల్లో గుర్తు 'ఫీనెహాసు యాజకులు'. మా పుస్తకంలోని పేరే.

గుంటూరు సభ్యురాలు:
బాబూ, ఫీనెహాసు కథ నేను చిన్నప్పుడు ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలంటించి చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే అదోలా ఉంది. ఇంకో డౌటు. యేసు పన్నెండుమంది శిష్యుల జాబితాలో ఒకడు, లూకాలో "జెలోతే అనబడిన సీమోను", మత్తయిలో "కనానీయుడైన సీమోను". ఇద్దరా, ఒక్కరా?

వేదాంత కళాశాలలో చదువుతున్న సభ్యుడు:
ఒక్కరే అక్కా. కనాను దేశానికీ ఆయనకీ సంబంధం లేదు. అప్పటి యూదుల వాడుక భాష అరమాయిక్‌లో 'కన్ఆనా' అంటే రోషం గలవాడు. ఒకచోట ఆ మాట ధ్వనినే ఉంచారు, అది ఊరిపేరులా అయిపోయింది. ఇంకోచోట గ్రీకులోకి మార్చారు. అలాగే అపొస్తలుల కార్యములు 21లో "నరహంతకులు" అని మామూలుగా కనిపించే మాటకి మూలం 'సికారీ', బాకువాళ్ళు. పండగ జనంలో కలిసిపోయి, బట్టల కింద దాచిన బాకుతో పొడిచి, తర్వాత అందరితో పాటు అయ్యో అని అరిచేవాళ్ళని ఆ కాలపు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. వాళ్ళు పొడిచింది ఎక్కువగా సాటి యూదుల్నే. అనువాదంలో బాకు పోయి హంతకుడు మిగిలాడు.

హైదరాబాద్ పాతబస్తీ సభ్యుడు:
మాస్టారూ, సలాం. మీ రోషానికి మా ఇంట్లో సరిగ్గా ఒక మాట ఉంది: గైరత్. అరబ్బీలో 'గైరా'. అక్కడా అంతే, పెళ్ళాం విషయంలో మొగుడికుండేదీ అదే, దీన్ (ధర్మం) విషయంలో మోమిన్‌కి, అంటే విశ్వాసికి, ఉండేదీ అదే. "బేగైరత్" అన్నామంటే పెద్ద తిట్టు, సిగ్గూ శరం లేనివాడని. హద్దు మీరితే దానికి అరబ్బీలో వేరే మాటుంది, 'గులువ్'. ఖురాన్ నాలుగో సూరాలో "మీ ధర్మంలో హద్దు మీరకండి" అని గ్రంథ ప్రజలకి (యూదులు, క్రైస్తవులు) చెప్పింది ఆ ధాతువుతోనే. మా ఉలమాలు (మత పండితులు) దాన్ని ముస్లింలకీ చెబుతారు.

ఇంకో మాట, ఖారిజ్. ఆఫీసులో "దరఖాస్తు ఖారిజ్" అంటే కొట్టేశారని కదా. 657లో సిఫ్ఫీన్ యుద్ధం తర్వాత, మధ్యవర్తులకి ఒప్పుకున్నందుకు అప్పటి ఖలీఫా హజ్రత్ అలీ మీద అలిగి బయటికి నడిచినవాళ్ళకి ఖవారిజ్ అన్న పేరు వచ్చింది ఆ ధాతువు నుంచే. తీర్పు అల్లాదే, మనుషులకేం పని, అన్నది వాళ్ళ నినాదం. నమాజు, ఉపవాసం విషయంలో వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, సజ్దాలతో (నేలకి నుదురు ఆనించి మొక్కడంతో) నుదుళ్ళు కాయలు కాచినవాళ్ళు. 661లో కూఫా మసీదులో అలీని కత్తితో కొట్టింది వాళ్ళలో ఒకడే. ఉర్దూలో ఇప్పటికీ ఎవర్నైనా కాఫిర్ అని తీసేయాలంటే "దాయరా-ఎ-ఇస్లాం సే ఖారిజ్" అంటారు. వలయం నుంచి బయట అని. బయటికి పోయినవాళ్ళ మాట, లోపలున్నవాళ్ళని గెంటడానికి!

2011 జనవరి 4న ఇస్లామాబాద్‌లో పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ని సొంత బాడీగార్డే కాల్చేశాడు. దైవదూషణ కేసులో ఉరిశిక్ష పడిన ఒక క్రైస్తవ స్త్రీ తరఫున మాట్లాడాడని. కోర్టుకి తెస్తే కొందరు లాయర్లు హంతకుడి మీద గులాబీ రేకులు చల్లారు. అతనేం పిచ్చివాడు కాదు. గైరత్ ఉన్నవాడని వాళ్ళు మెచ్చుకున్నారు. అందుకే మాస్టారు చెప్పిందే నాకూ నచ్చింది. ఉన్మాదం అంటే మనకి హాయిగా ఉంటుంది, డాక్టరు చూసుకుంటాడులే అని.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
భాయ్, గైరత్ దగ్గర ఆపకుండా ఖారిజ్ దాకా తీసుకెళ్ళావు, సంతోషం. నా తరఫున ఒక చిన్న మాట. మౌఢ్యం, మూఢం అంటాం కదా, గురు మూఢం, శుక్ర మూఢం. గ్రహం సూర్యుడికి మరీ దగ్గరై కంటికి కనపడకుండా పోవడాన్నే మూఢం అంటారు. మతమౌఢ్యం అన్న మాట వేసినవాళ్ళు ఇది తలుచుకుని వేశారో లేదో గానీ, నాకు ఉన్మాదం కన్నా ఇదే ఇష్టం.

గుంటూరు సభ్యురాలు:
అందరికీ థ్యాంక్స్. నిన్న ఆదివారం జిగురు సంగతి, ఉప్పూకారం సంగతి చెప్పాను. పిల్లాడు బానే విని, వెంటనే యోహాను రెండో అధ్యాయం తీశాడు. "నీ యింటినిగూర్చిన ఆసక్తి నన్ను భక్షించును" అని యేసుప్రభువు గురించి ఉంది కదా టీచర్, అదీ ఇదే మాటేనా, అని.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అదే మాట, జీలోసే. వాడికి కర్త, కర్మ చూపించమ్మా. యోహానులో ఆసక్తి తిన్నది "నన్ను". ఫిలిప్పీలో హింస పడింది "సంఘమును". ద్వితీయా విభక్తి ఎవరి మీద పడిందో చూడమను.

గుంటూరు సభ్యురాలు:
చూపిస్తాను మాస్టారూ. కానీ రెండు వచనాల ముందే త్రాళ్ళతో కొరడా చేసి గుళ్ళోంచి వ్యాపారుల్ని తోలడం ఉంది. వాడు అది కూడా చదివేస్తాడు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
చదవనీ. ఏమన్నాడో వచ్చే ఆదివారం ఇక్కడ రాయి.