ఆటుపోట్ల కాలువ ఒడ్డున ఇల్లు: కొనేముందు ఏం చూడాలి?

గట్టుమీద_ఇల్లు:
సముద్రపు పోటు వచ్చే కాలువను ఆనుకుని ఉన్న ఖరీదైన కాలనీలో ఇల్లు చూస్తున్నాం. పాత కట్టడమే, లోపల అంతా కొత్తగా చేయించారు. పెరటి చివర కాంక్రీటు గోడ, దాని అవతల బోటు కట్టుకునే ప్లాట్‌ఫాం. గోడ పక్కన రెండు చోట్ల నేల కొద్దిగా కుంగింది. మట్టి పోస్తే సరిపోతుందని అమ్మేవాళ్లు అంటున్నారు. నిజమేనా? ఇంకా ఏం పరీక్ష చేయించాలి? ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

గోడపని:
సరిపోదండీ. అక్కడ నేల కుంగిందంటే మట్టి గోడ సందుల్లోంచి కాలువలోకి పోతోందని అనుమానించాలి. పోటు వేళ నీరు గోడ వెనక్కి ఊరుతుంది. ఆటు వేళ కాలువ త్వరగా దిగుతుంది, వెనక ఊరిన నీరు అంత త్వరగా దిగదు. ఆ తేడా మీటరుంటే గోడ మీద చదరపు మీటరుకు సుమారు టన్ను అదనపు తోపు. దాన్ని తగ్గించడానికే వీప్ హోల్స్, అంటే గోడ వెనక నీరు బయటికి పోయే రంధ్రాలు పెడతారు. అవి మూసుకుపోతే గోడ ముందుకు వాలుతుంది. వాటి వెనక కంకర, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ లేకపోతే నీటితోపాటు సన్నమట్టీ జారిపోతుంది.

అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల తరవాత, నీరు బాగా దిగిన వేళ బోటు మీంచి గోడ ముఖాన్ని చూడండి. హోల్స్‌లోంచి వచ్చే నీరు తేటగా ఉందా, బురదగానా? పలకల మధ్య జాయింట్లు తెరుచుకున్నాయా? పై అంచు వెంట దారం లాగి పట్టుకుంటే వంపు తెలిసిపోతుంది. గోడ పాదం దగ్గర కాలువ అడుగు కోసుకుపోయిందేమో గడ వేసి లోతు కొలవండి. కుంగిన చోట 12 మి.మీ. ఇనుప చువ్వ గుచ్చండి. చేతి బలానికే సర్రున దిగిపోతే కింద బొరియ ఉన్నట్టే.

ఆ బొరియలో కాంక్రీటు పోయించే మరమ్మతుకు మాత్రం ఒప్పుకోకండి, నీరు దిగే దారి మూసుకుపోతుంది. తవ్వి, జాయింటుకు అటూ ఇటూ కనీసం 300 మి.మీ. వచ్చేలా జియోటెక్స్‌టైల్ పరిచి, కంకర నింపి, పైన మట్టిని 150–200 మి.మీ. పొరలుగా దిమ్మిస కొట్టాలి. గోడను వెనక్కి పట్టి ఉంచే కడ్డీలుంటే ఒకదాన్నైనా తవ్వించి తుప్పు చూడండి. బయటికి కనిపించని ప్రమాదం అదే.

కాంక్రీటు_మరమ్మతు:
కొత్త రంగు చూసి నమ్మకండి. బాల్కనీ అడుగు, మెట్ల కింద, వాన కడగని చోట్లే ఉప్పు పేరుకుంటుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి, డొల్లగా మోగితే లోపల పెచ్చు విడిపోయినట్టు. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటు పగలక తప్పదు.

మోత బాగున్నా ఉప్పు కాంక్రీటు లోపలి ఇనుప చువ్వదాకా చేరి ఉండొచ్చు. 10–15 మి.మీ. లోతుకొకటిగా డ్రిల్ పొడి తీయించి క్లోరైడ్ (ఉప్పు) పరీక్ష, దాంతోపాటు చువ్వ వోల్టేజీని కొలిచి తుప్పును అంచనా వేసే హాఫ్-సెల్ పరీక్ష చేయించండి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టులకన్నా దిగువన వస్తే చువ్వ తుప్పు పడుతుండే అవకాశం 90 శాతం పైనే. నీళ్లలో మునిగి ఉండే భాగానికి ఈ లెక్క వర్తించదు, ఆక్సిజన్ అందని చోట తుప్పు లేకపోయినా రీడింగ్ దిగువకే వస్తుంది.

పాత కాంక్రీటు మరమ్మతు అతుకుల చుట్టూ కొత్త పగుళ్లున్నాయేమో చూడండి. తుప్పు పట్టిన చువ్వ పక్క భాగాన్ని కాపాడుతుంటుంది. దాన్ని శుభ్రం చేసి అతుకు వేయగానే తుప్పు పక్కకు జరుగుతుంది. అతుకు అంచుల్లో చువ్వకు జింక్ ఆనోడ్లు (చువ్వకు బదులు తామే అరిగిపోయే జింక్ ముక్కలు) కట్టేది అందుకే.

రెయిలింగులు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు అయితే మచ్చలు పడతాయి. 316లో 2–3 శాతం మాలిబ్డినం ఉంటుంది, తట్టుకుంటుంది. దాన్నీ మంచినీటితో కడుగుతూ ఉండాలి, స్టీలు పీచు మాత్రం వాడకూడదు.

ప్లాట్‌ఫాం_కరెంటు:
పిల్లలున్నారన్నారు కాబట్టి ఇది ముందు చేయండి. ప్లాట్‌ఫాం మీది ప్రతి సర్క్యూట్‌కూ కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ ఉండాలి, టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే ట్రిప్ కావాలి. కరెంటు ఉన్న ప్లాట్‌ఫాం పక్కన ఎవరినీ ఈదనివ్వకండి. నీటిలోకి లీకైన కరెంటు కంటికి కనిపించదు, కండరాలు బిగుసుకుపోయి మనిషి మునిగిపోతాడు. నిలువు గోడ ఎక్కి బయటికి రావడం పెద్దవాళ్లకే కష్టం. అందుకని బాగా ఆటు ఉన్నప్పటి మట్టానికి కూడా కిందకు దిగే నిచ్చెన బిగించాలి. పెరటి గేటు దానంతటదే మూసుకుని గడియ పడేదై ఉండాలి.

గట్టుమీద_ఇల్లు:
చాలా థాంక్సండీ. వాన లేకపోయినా వీధిలో అప్పుడప్పుడు నీళ్లు నిలుస్తాయని పక్కింటివాళ్లు చెప్పారు. అదీ గోడ లోపమేనా?

గోడపని:
కాకపోవచ్చు. పెద్ద పోటు వేళ కాలువ నీరు వాననీటి పైపులోంచి వెనక్కి ఎక్కుతుంది. పైపు చివర నీటిని వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వ్ ఉందా, ఉంటే దాని రెక్కకు నత్తగుల్లలు పట్టి తెరుచుకునే ఉండిపోయిందా అన్నది ఆటు వేళ చూడాలి. వీధి పైపు సంగతి మీ చేతిలో ఉండదు, మీ పెరటి పైపుకు మాత్రం సొంతంగా వాల్వ్ పెట్టించుకోవచ్చు. గోడ ఎవరి హద్దులో ఉందో, మరమ్మతు ఎవరు చేయాలో దస్తావేజుల్లో చూశాకే ధర మాట్లాడండి.