పవర్ వీడర్‌కి వాడే పద్ధతి చెప్పే పుస్తకం లేదు, క్యూఆర్ కోడే ఇచ్చారు, ఏం చేయాలి?

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మొన్న నాన్నకి విజయనగరంలో పవర్ వీడర్, అదే కలుపు తీసే యంత్రం, కొన్నాం. పెట్టె విప్పితే బోల్టుల సంచీ, స్పానర్, అడుగున క్యూఆర్ కోడ్ ఉన్న చీటీ, అంతే. నాన్నది బటన్ల ఫోను. నేను స్కాన్ చేస్తే ఇంగ్లిష్ పీడీఎఫ్ తెరుచుకుంది, బ్లేడుకి గడ్డి చుట్టుకుంటే చెయ్యి పెట్టేముందు ఇంజను ఆపాలన్న ముక్క ఎక్కడో లోపలి పేజీల్లో దొరికింది. అది గట్టు మీద మట్టి చేతులతో చూసుకోవాల్సిన విషయం కదా! పురుగుమందు డబ్బాలో అయితే మడతపెట్టిన కాగితం వస్తుంది, అక్షరాలు చీమల్లా ఉన్నా తెలుగు ఉంటుంది.

షాపతన్ని అడిగితే "ఇప్పుడన్నీ ఫోన్లోనే సార్" అని నవ్వేశాడు. యూరప్‌లో 2027 జనవరి 20 నుంచి అమలయ్యే యంత్రాల నిబంధన ప్రకారం ఈ పుస్తకం డిజిటల్‌గా ఇవ్వొచ్చు గానీ, కొనేటప్పుడు అడిగితే కాగితం మీద ఉచితంగా ఇవ్వాలి. మన దగ్గర అలా అడగొచ్చా? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇలాంటి దానికి ఎవరైనా ఫోన్ చేశారా, పనయిందా?

ఈలోగా ముఖ్యమైనవి తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు గోడకి అంటిద్దామనుకుంటున్నా. వీడర్ వాడేవాళ్ళు, ఏవి తప్పకుండా రాయాలో చెప్పండి.