వాస్తవ మూలాలు ఎన్నో తేల్చడానికి ఫోన్‌లో గ్రాఫ్ చూస్తే చాలదా?

కృష్ణాతీరం:
మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. సమీకరణ వాదం చదువుతూ నిన్న నన్ను నిలదీశాడు. "ఫోన్‌లో గ్రాఫ్ గీసి, ఎక్స్ అక్షాన్ని ఎన్నిసార్లు కోసిందో లెక్కపెడితే అన్ని వాస్తవ మూలాలు ఉన్నట్టే కదక్కా. మరి డెకార్త్ గుర్తుల నియమం, స్టర్మ్ సిద్ధాంతం ఎందుకు?" అని. నాకు గట్టి జవాబు తట్టలేదు. మీరేమంటారు?

రాగిచెట్టు:
మీ తమ్ముడి మాటే నాదీ. పన్నెండేళ్లుగా మెషీన్ డిజైన్‌లో ఉన్నాను, స్టర్మ్‌తో ఒక్కసారీ పని పడలేదు. డెకార్త్ నియమమైతే మరీ చిక్కు. య⁴ − య³ + య² − య + 1 చూడండి (ఎక్స్ బదులు య రాస్తున్నాను, టైపింగ్‌కి సులువు). గుణకాల గుర్తులు వరసలో ఎన్నిసార్లు మారితే ధన మూలాలు అన్ని, లేదా అంతకంటే సరి సంఖ్యలో తక్కువ అంటుంది ఆ నియమం. ఇక్కడ నాలుగుసార్లు మారాయి కాబట్టి 4 లేదా 2 లేదా 0. అసలు జవాబు 0. గ్రాఫ్‌లో చూడగానే తెలిసిపోతుంది. మూడు జవాబులు చేతికిచ్చే నియమం పరీక్షలో పిల్లలకు టెన్షన్ తప్ప ఏమిస్తుంది?

పలకాబలపం:
రాగిచెట్టు గారూ, య³ − 3య + 1.999 గ్రాఫ్ గీయండి. తర్వాత చివరి సంఖ్యను 2 చేసి, ఆపైన 2.001 చేసి మళ్లీ గీయండి. తెర మీద మూడూ ఒకేలా ఉంటాయి. 1 దగ్గర గీత కిందికొచ్చి, అక్షాన్ని తాకి, పైకి లేచినట్టే ఉంటుంది. కానీ మొదటిదానికి మూడు మూలాలు. రెండోదానికి వేర్వేరు మూలాలు రెండే, 1 జంటగా వస్తుంది, రెండోది −2. మూడోదానికి ఒక్కటే.

అవకలజం (గీత వాలును చెప్పే బహుపది) 3య² − 3. అది సున్నా అయ్యేది 1, −1 దగ్గరే, అంటే గీత మలుపు తిరిగేది ఆ రెండు చోట్లే. −1 దగ్గర విలువ 4కి అటూ ఇటూ, ఎలాగూ ధనమే. ఇక 1 దగ్గర విలువలు వరసగా −0.001, 0, 0.001. జవాబు మొత్తం ఆ గుర్తు మీదే ఆధారపడి ఉంది.

రాగిచెట్టు:
జూమ్ చేస్తే కనిపిస్తుంది కదండీ.

పలకాబలపం:
ఎక్కడ జూమ్ చేయాలో చెప్పింది అవకలజమే కదా! పైగా 2.001 బదులు, పాయింటు తర్వాత ఇరవై సున్నాలు పెట్టి 1 రాయండి. మామూలు యాప్‌లు పదహారు అంకెల దాకానే దాచుకుంటాయి, దాన్ని 2 అనే చదువుతాయి.

డెకార్త్ 1637లో ఇచ్చింది పై హద్దు. దాన్ని ఒంటరిగా వాడితే మీరన్న చిక్కే. య⁵ − 5య + 3కి ధన మూలాలు 2 లేదా 0. ఇప్పుడు 0 పెడితే 3, 1 పెడితే −1. గుర్తు మారింది కాబట్టి మధ్యలో మూలం ఉంది. ఇక 0 కుదరదు, 2 ఖాయం. −య పెట్టి చూస్తే ఒకే మార్పు, కాబట్టి ఋణ మూలం ఒకటి. మొత్తం మూడు. గ్రాఫ్ అక్కర్లేదు.

సున్నాచుట్టు:
అవకలజాన్నే సాధించలేనప్పుడో? స్టర్మ్ 1829లో దీనికే దారి చూపాడు. బహుపది, దాని అవకలజం రాసుకుని, భాగిస్తూ, వచ్చిన ప్రతి శేషాన్నీ గుర్తు మార్చి కింద రాస్తూ పోవాలి. య³ − 3య + 1కి ఆ వరస: య³ − 3య + 1, 3య² − 3, 2య − 1, 9/4. ఎడమ చివర (ఋణ అనంతం) గుర్తులు − + − +, మూడు మార్పులు. కుడి చివర అన్నీ +. తేడా 3, వాస్తవ మూలాలూ మూడే. ఒక్క మూలం కూడా కనుక్కోకుండానే సంఖ్య తేలింది. ఇంత అందమైన లెక్క బడిలో చూపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రాగిచెట్టు:
అందం ఒప్పుకుంటాను. కానీ మా పనిలో గుణకాలు కొలిచి తెచ్చినవి. 1 నుంచి 20 దాకా మూలాలుగా ఉన్న విల్కిన్సన్ బహుపదిలో య¹⁹ గుణకం −210. దాన్లోంచి 1లో కోటో వంతు కంటే కాస్త ఎక్కువ తీసేసినా పది మూలాలు వాస్తవం కాకుండా సంకీర్ణమైపోతాయి. కొలతలోనే అంతకంటే పెద్ద తప్పు ఉంటే కచ్చితమైన సంఖ్యతో నేనేం చేసుకోను?

పలకాబలపం:
కొలిచిన గుణకాల విషయంలో మీ మాట నిజం. పాఠంలో ఇచ్చేవి మాత్రం పూర్ణాంకాలు, వాటికి జవాబు ఒక్కటే. ఎక్కడ వెతకాలో గ్రాఫ్ చూపిస్తుంది, ఎన్ని ఉన్నాయో తేల్చలేదు.

కృష్ణాతీరం:
తమ్ముడు కాగితం తీసుకుని య³ − 3య + 2కి స్టర్మ్ వరస వేశాడు. 2య − 2 తర్వాత శేషం సున్నా వచ్చింది, ఎక్కడ తప్పు చేశానని అడుగుతున్నాడు.

పలకాబలపం:
తప్పేమీ లేదమ్మా. బహుపదికీ దాని అవకలజానికీ 2య − 2 ఉమ్మడి కారణాంకమన్నమాట, అంటే 1 జంట మూలం. అక్కడితో ఆపి గుర్తులు లెక్కపెట్టమనండి, రెండు వస్తుంది.